నానబెట్టిన పీపా

చల్లటి సముద్రం ఒడ్డున ఒక కొండవాలు. దాని మీద ఒక అవ్వ షార్డొనే అనే తెల్లద్రాక్ష తోట. పొద్దెక్కేదాకా పొగమంచు తీగల మీదే దొర్లుతుంది. అందుకే అక్కడ కాయ నిదానంగా, పుల్లపుల్లగా పండుతుంది.

ఆ యేడు రాజు కబురంపాడు: "ఈసారి వైన్ నచ్చకపోతే తీగలు పీకించి సరుగుడు వేయిస్తా."

అవ్వ బెదరలేదు. పాత పీపాలో వైన్ తయారయ్యే ఉంది. వచ్చే పంటకని కొత్త పీపా కూడా దిగింది. కొత్తదాన్ని ముందు నీళ్ళతో నానబెట్టాలి. చెక్క ఉబ్బి సందులు మూసుకుంటేగానీ పనికిరాదు. అవ్వ బావినీళ్ళు తోడి పోసింది.

పోసీ పోయకముందే కొత్త పీపా గొప్పలు మొదలెట్టింది. "వైన్ అంటే ఏమనుకున్నావ్ అవ్వా? నేనే!"

"నీ కడుపులో ఉన్నది నీళ్ళే తల్లీ."

"ఏదుంటే ఏం? రుచి నాది."

పాత పీపా మాటలన్నీ పదేళ్ళ కిందటే అయిపోయాయి.

రాజు బంట్లు బండి తోలుకొచ్చారు. బూజు పీపాని చూసి ముక్కు మూసుకున్నారు. మెరిసేదాన్ని బండెక్కించారు.

"అది కాదు నాయనా!"

"రాజుగారికి బూజు పీపా పంపుతావా? నోర్మూసుకో అవ్వా!"

సరే, మూసుకుంది. తోట ఎలాగూ పోయేట్టుంది, తమాషా అన్నా చూద్దామని తనూ బండెక్కింది.

సభలో రాజు ఒక గుక్క వేసి మొహం చిట్లించాడు. అంతలోనే మంత్రి "ఆహా, వెన్న!" అన్నాడు. "వేయించిన జీడిపప్పు!" అన్నాడు సేనాపతి. పురోహితుడు కళ్ళు మూసుకుని "సముద్రపు గాలి!" అన్నాడు.

రాజు గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు అవ్వా. నీకేం తెలుస్తోంది?"

అవ్వ కూడా ఓ గుక్క చప్పరించి, అందరికీ వినబడేట్టే చెప్పింది. "చెక్క, దొరా. చెక్కా, బావీ."

సభంతా చప్పట్లు కొట్టింది. ఎంత సూక్ష్మమైన నాలుక! రాజు ఊపిరి పీల్చుకుని పీపా మెడలో బంగారు పతకం వేశాడు. తోట అవ్వదే, ఏటేటా అచ్చం ఇదే పంపాలి అన్నాడు.

ఇద్దరూ బండిలో ఇంటికొచ్చాక కొత్త పీపా గునిసింది. "ఇకనైనా నాలో రసం పొయ్యవే."

"పతకం తెచ్చుకున్నదానివి, నీకెందుకే రసం?"

పొగమంచు మెల్లగా వచ్చి గడప మీద కూచుంది. "మరి నాకేం లేదా?"

"ఇదంతా నీదే కదే పిచ్చిదానా," అంటూ అవ్వ పాత పీపా నుంచి రెండు గ్లాసులు వంచింది.

తాగాక లేచి, పతకం విప్పి బావి గిలకకి కట్టింది. చేద దిగినప్పుడల్లా అది గణగణమంటుంది.