నీళ్ళాపిన పాపి

ఒకానొక రాజ్యంలో, పేరు తుమ్మికోట అనుకోండి, రణభీముడనే రాజు ఉండేవాడు. పేరులో ఉన్న రణం ఆయన కత్తిలో ఎన్నడూ లేదు గానీ, బిరుదులు మాత్రం బండెడు ఉండేవి. ఆయన కొలువులో కొమ్మన అనే చమత్కారి ఉండేవాడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. ఆ రోజు మాత్రం అతనికే నవ్వు రావడం లేదు.

ఎలా వస్తుంది? చిన్ననాటి స్నేహితుడు సోమలింగాన్ని, సాలెవీధి వాళ్ళందరితో కలిపి తాళ్ళతో కట్టి కొలువు ముందు నిలబెట్టారు. పొద్దుగూకేలోగా వాళ్ళను పొలిమేర దాటించి అడవిలోకి తోలెయ్యాలట. ఆ గుంపులో చంకబిడ్డల తల్లులున్నారు, నడవలేని ముసలివాళ్ళున్నారు. వాళ్ళు చేసిన నేరమల్లా అడ్డబొట్టు పెట్టుకోవడం.

మూడేళ్ళ కిందట ఊరి కాలువ ఎండిపోయింది. ఎందుకెండిందని అడగబోయిన రైతులకు బెత్తం దెబ్బలే జవాబు. పొలాలు బీళ్ళయ్యాయి. కండలు తిరిగిన కుర్రాళ్ళు పనిలేక అరుగుల మీద గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు. సరిగ్గా అప్పుడు ఉద్దండస్వామి ఊళ్ళోకి వచ్చాడు. భటులు ఒరేయ్ అని నెట్టేసే కుర్రాళ్ళను ఆయన ధర్మవీరుడా అని పిలిచాడు. మఠంలో కూర్చోబెట్టి సంకటి ముద్ద పెట్టాడు, నుదుట నిలువుబొట్టు దిద్దాడు, చేతికి కర్ర ఇచ్చాడు. అడ్డబొట్టు వాళ్ళ పాపం వల్లే గంగమ్మ అలిగిందన్నాడు.

ఎవరూ చెప్పని కారణం ఆయన చెప్పాడు మరి, నమ్మక ఏం చేస్తారు? అత్త మీద కోపం దుత్త మీద తీర్చడం మనిషికి కొత్తా? సోమలింగం నేసిన పంచె కట్టుకుని పెళ్ళిపీటలెక్కినవాడే పోయి అతని మగ్గం విరగ్గొట్టాడు. రాజుకు ఇదంతా హాయిగానే ఉంది. జనం కోపం కోట మీదికి రాకుండా పక్కవీధికి మళ్ళితే ఏ రాజు కాదంటాడు? నీళ్ళాపిన పాపులకు దేశబహిష్కారమని స్వామి అడిగిన శాసనం అడిగినట్టే రాయించాడు.

నీళ్ళెక్కడున్నాయో కొమ్మనకు తెలుసు. రాజు తన ఉద్యానంలో జలక్రీడల కొలను నిండుగా ఉండాలని కాలువకు నీళ్ళొదిలే తూము మూయించాడు. ఉద్యానం గోడ లోపలి మాట బయటపెడితే నాలుక కోయిస్తానన్నాడు. కొమ్మన ఆ కొలను గట్టునే కూర్చుని రాజుకు హాస్యాలు చెప్పాడు, మూడేళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడూ మెదపకపోతే అతనికొచ్చే నష్టమేమీ లేదు. అతనిది నిలువుబొట్టే. కానీ సోమలింగం తలెత్తి ఒకసారి అతన్ని చూసి, ఏమీ అడగకుండానే తల దించేసుకున్నాడు. కొమ్మనకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

ముందుకొచ్చి చేతులు జోడించాడు. నేరం జరిగిన చోటే శిక్ష చదవడం తుమ్మికోటలో తాతలనాటి ఆచారమనీ, దొంగకు కన్నం దగ్గరే తీర్పు చెప్పారనీ, ఇంత గొప్ప ప్రభువు ఆ ఆచారం తప్పితే చరిత్ర ఒప్పుకోదనీ విన్నవించాడు. చరిత్ర మాట వినగానే రాజు మీసం దువ్వి సరేనన్నాడు.

"అయితే నీళ్ళు ఆగిన చోటికి పోదాం ప్రభూ. స్వాములవారే దారి చూపాలి" అన్నాడు కొమ్మన.

రాజు గతుక్కుమన్నాడు. ఎండలో అంత దూరం దేనికన్నాడు. స్వామి ఒప్పుకోలేదు. పాపులు అక్కడేదో క్షుద్రం పాతిపెట్టి ఉంటారనీ, తవ్వి తీయాల్సిందేననీ పట్టుబట్టాడు. కర్రల గుంపు అప్పటికే కదిలింది. రాజు ఏనుగెక్కక తప్పలేదు.

కట్టేసిన సాలెవీధి వాళ్ళనూ తోలుకుంటూ, ఎండిన కాలువ వెంట అందరూ ఎగువకు నడిచారు. పోగా పోగా కాలువ ఉద్యానం గోడ కిందికి దూరింది. ఇది అంతఃపుర స్త్రీలు విహరించే చోటు, ఎవరూ రాకూడదని రాజు అరిచాడు. ధర్మానికి గోడలు అడ్డమా అంటూ స్వామి చెయ్యి ఊపాడు. కుర్రాళ్ళు తలుపును ఒక్క తోపు తోశారు.

లోపల కొలను నిండుగా ఉంది. తామరలు విచ్చుకున్నాయి, నీళ్ళలో పూల పడవ ఊగుతోంది. తూముకు బిగించిన పలక మీద రాజముద్ర ఉంది.

కర్రల గుంపు ఆ ముద్ర చుట్టూ మూగింది. తర్వాత ఓ కుర్రాడు మెల్లిగా అడిగాడు. "నీళ్ళాపిన పాపికి దేశబహిష్కారమని కదా స్వామీ రాయించారు?"

రాజు దైవాంశ సంభూతుడు, ఆయన సంగతి వేరు అని స్వామి నసిగాడు. వినేవాళ్ళు లేరు. సాలెవీధి కోసం తెచ్చిన కర్రలన్నీ ఏనుగు వైపు తిరిగాయి. రాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

తగిన శాస్తే అనుకున్నాడు కొమ్మన. మరుక్షణమే భయం వేసింది. ఈ కర్రలు ఒక్కసారి నెత్తురు చూశాయంటే మళ్ళీ సాలెవీధికి వెళ్ళకుండా ఆగుతాయా? గట్టెక్కి గొంతెత్తాడు.

"ఆగండి. ప్రభువులు ఇంత ఎండలో ఎందుకొచ్చారనుకున్నారు? ఆ తూము తమ చేత్తో ఎత్తడానికి వచ్చారు. దారి ఇవ్వండి."

రాజు ఏనుగు ఎలా దిగాడో ఆయనకే తెలియదు. పట్టుబట్టలతో బురదలోకి దిగి, తన చేత్తోనే పలక పైకి లాగాడు. నీళ్ళు బుసబుసమంటూ కాలువలోకి దూకాయి. కుర్రాళ్ళు కాసేపు అలాగే చూశారు. ఒకడు కర్ర పారేసి, మా మడి గట్టు తెగి ఉంది, నీళ్ళన్నీ పోతాయి రోయ్ అంటూ పరుగుతీశాడు. వాడి వెనకే తక్కినవాళ్ళూ పోయారు. స్వామి పిలుస్తూనే ఉన్నాడు, ఒక్కడూ వెనక్కి చూడలేదు. కొమ్మన సోమలింగం కట్లు తనే విప్పాడు. సోమలింగం చేతులు రుద్దుకుని, అతని వైపు చూడకుండా పక్కవాళ్ళ కట్లు విప్పసాగాడు. మూడేళ్ళ మౌనం ఒక్క పూటలో క్షమించగలిగేది కాదు.

రాజు గట్టు మీద కూలబడి, ఈ స్వామిని కొరత వేయించనా అని కొమ్మనను అడిగాడు.

"ఆయన విత్తు చల్లాడంతే ప్రభూ. మూడేళ్ళుగా పొలం దున్ని సిద్ధంగా పెట్టింది మనం. ఈయన పోతే ఇంకొకడు వస్తాడు."

రాజు కొమ్మనను తేరిపార చూశాడు. కోయించాల్సింది నీ నాలుకే అన్నాడు. అని, బురద చేతులతోనే కడుపు పట్టుకుని నవ్వాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి ఇవ్వబోయాడు.

కొమ్మన వద్దన్నాడు. "ఈ గోడ పడగొట్టించండి ప్రభూ. నీళ్ళెక్కడున్నాయో జనం కళ్ళకు కనబడితే, పాపి ఎవరో చెప్పడానికి స్వాములు అక్కర్లేదు."