అర్థం కాలేదన్న అలుగు పిల్ల

అనగనగా అంటే మరీ వెనకటి మాట కాదు, మొన్నటి వానాకాలమే అనుకోండి. ఒక అడవిలో ఒక అలుగు పిల్ల ఉండేది. అలుగును ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, పొడుగాటి ముక్కు, అంతకన్నా పొడుగాటి నాలుక. చీమలూ చెదలూ తిని బతుకుతుంది. భయం వేసిందంటే చాలు, తల కడుపులో దాచుకుని గుండ్రంగా ముడుచుకుపోతుంది. ఇక పులి వచ్చినా విప్పుకోదు, అమ్మమ్మ వచ్చినా విప్పుకోదు.

మన అలుగు పిల్ల పేరు రేల.

రేల అయిదేళ్ళు చిన్నబడిలో చదువుకుంది. చిన్నబడి అంటే ఒక ఇప్పచెట్టు, దాని నీడ. అంతే. తొమ్మిది మంది పిల్లలు, ఒక్క పంతులమ్మ. ఆవిడ అడవికోడి. పాఠం చెప్పడం అయ్యాక, "అర్థమైందా పిల్లలూ?" అని అడిగేది.

తొమ్మిది మందీ ఒక్క గొంతుతో, "అర్థమైందండీ!" అని అరిచేవాళ్ళు.

పంతులమ్మ ఆ అరుపును చచ్చినా నమ్మేది కాదు. ఒక్కొక్కరి మొహంలోకీ తొంగి చూసేది. ఎవరు దిక్కులు చూస్తున్నారో కనిపెట్టి, "ఇలా రా అమ్మడూ" అని రెక్క కిందికి లాక్కుని, మళ్ళీ మొదటినుంచీ చెప్పేది. అందుకని రేలకు 'అర్థం కాలేదు' అనే మాట నోటితో అనాల్సిన అవసరం ఒక్కనాడూ రాలేదు.

అయిదో తరగతి అయిపోయింది. ఇక ఆరో తరగతి. అంటే వాగు అవతల ఉన్న పెద్దబడి.

మొదటి రోజు పొద్దున్నే అమ్మ రేల పొలుసులన్నీ నాకి శుభ్రం చేసింది. చెదలు ఆకులో పొట్లం కట్టి ఇచ్చింది. వాగు దాకా వచ్చి ఆగిపోయింది.

"అమ్మా, నువ్వూ రా" అంది రేల.

"పెద్దబడి లోపలికి అమ్మలు రారు తల్లీ. వెళ్ళు. ఏదైనా తెలియకపోతే అడుగు" అంది అమ్మ.

రేల గంగిరెద్దులా తల ఊపింది. తల ఊపడంలో ఏముంది? ఎవరైనా ఊపుతారు.

వాగు ఇవతలి నుంచి పెద్దబడికి వెళ్ళే పిల్లలు అయిదుగురు, అందరూ ఆరో తరగతే. రేల, ఇద్దరు కుందేలు కవలలు, ఒక దుప్పి పిల్ల, ఒక కొండముచ్చు పిల్లాడు. వాడి పేరు మోదుగు. మహా అల్లరివాడు. వాగు మీద నడవడానికి వరసగా రాళ్ళుంటాయి. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు అయిదుగురూ ఒకరి వెనక ఒకరు నడవాలి. రోజుకొకరు ముందుండాలి. ముందున్నవాళ్ళు రాయి మీద కాలు పెడితేనే వెనకవాళ్ళు పెట్టాలి. ముందున్నవాళ్ళు ఆగితే అందరూ ఆగాలి. అది పెద్దబడి కట్టుబాటు.

పెద్దబడిలో ఎంతమంది పిల్లలో తెలుసా? నలభై మంది! ఒక్క ఆరో తరగతిలోనే! గంటకో మాస్టారు, గంటకో చోటు. లెక్కలు పుట్ట దగ్గర, పాటలు వెదురు పొద దగ్గర, పరుగు బండ దగ్గర. వడ్రంగిపిట్ట ఎండు మాను మీద టకటకా కొట్టగానే అందరూ లేచి, ఎవరో తరిమినట్టు పరుగెత్తేవాళ్ళు. రేలకు ఎటు వెళ్ళాలో తెలియలేదు. అడగబోయింది. నోరు రాలేదు. ముందు వెళుతున్న గుంపు వెనకాలే గబగబా నడిచింది.

తీరా చూస్తే అది ఏడో తరగతి. చెట్లెక్కే పాఠం. పెద్దపెద్ద పిల్లలంతా వెనక్కి తిరిగి రేల వంక చూశారు.  రేల అక్కడికక్కడే ముడుచుకుపోయింది.

"ఒరేయ్, ఎవరో బంతి పారేసుకున్నారురా!" అని, అటుగా కొమ్మల మీంచి తన తరగతికి పోతున్న మోదుగు కేక వేశాడు.

అందరూ ఫక్కుమన్నారు. మీరూ నవ్వారు కదూ? సరే, నవ్వండి. మీకు మీ మొదటి రోజు వచ్చినప్పుడు తెలుస్తుంది.

సాయంత్రం అమ్మ అడిగింది, "పెద్దబడి ఎలా ఉందమ్మా?"

"బాగుంది" అంది రేల.

పొట్లంలో చెదలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అమ్మ చూసింది. 'మొదటి రోజు కదా, ఆకలి వేసి ఉండదు' అనుకుంది.

రెండో రోజు ముళ్ళపంది మాస్టారి పాఠం. ఆయన వాగు పాఠం చెబుతారు. ఎక్కడో కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా వాగు పొంగుతుంది. అది ముందే ఎలా తెలుసుకోవాలి, తెలిశాక ఏం చెయ్యాలి, ఇదీ ఆ పాఠం. రేల ఆ చోటు వెతుక్కుంటూ తిరిగి తిరిగి వచ్చేసరికి పాఠం చివరికి వచ్చేసింది. వెనక్కి వెళ్ళి, దుప్పికన్నా భారీగా ఉండే ఒక కణుసు పిల్ల చాటున కూర్చుంది. రేలకు మాస్టారు కనబడలేదు, మాట మాత్రం వినిపించింది.

"...నీళ్ళు ఎర్రబడి, పుల్లలు కొట్టుకొచ్చాయా, ఇక ఒక్క క్షణం ఆగొద్దు. పరుగెత్తండి!" అన్నారు మాస్టారు. "అర్థమైందా?"

"అర్థమైందండీ!" అని నలభై గొంతులు అరిచాయి. గుంపులో గోవిందా అని రేల కూడా అరిచింది. అందరికన్నా గట్టిగా అరిచింది.

మాస్టారు సంతోషంగా ముళ్ళు ఆడించుకుంటూ వెళ్ళిపోయారు.

పరుగెత్తమన్నారు, బాగానే ఉంది. ఎటు పరుగెత్తాలి? గబగబా దాటెయ్యాలా? వెనక్కి రావాలా? రేలకు తెలియలేదు. మాస్టారి వెనక రెండడుగులు వేసింది. 'ఇంతమందికి అర్థమైంది, నాకొక్కదానికే కాలేదంటే ఏమనుకుంటారు?' అనుకుని ఆగిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ మళ్ళీ అడిగింది, "పెద్దబడి ఎలా ఉందమ్మా? ఇవాళ ఏం చెప్పారు?"

"బాగుంది. అన్నీ చెప్పారు. అన్నీ వచ్చేశాయి" అని రేల అటు తిరిగి పడుకుంది.

మూడో రోజు వచ్చింది. ముందు నడవాల్సిన వంతు రేలది.

సాయంత్రం వరస కట్టారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. రేల వాగు దగ్గరికి వచ్చి మొదటి రాయి మీద కాలు పెట్టబోయింది. నీళ్ళ వంక చూసింది. పొద్దున తేటగా ఉన్న నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక ఎండు పుల్ల కొట్టుకొచ్చింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఆకులు.

"పదవే! కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి" అన్నాడు మోదుగు వెనకనుంచి.

"పదక్కా, అమ్మ చూస్తుంటుంది" అన్నారు కుందేలు కవలలు.

 రేల తల దానంతట అదే కడుపులోకి పోతోంది. ముడుచుకుపోతే ఎంత హాయి! ఏమీ చూడక్కర్లేదు, ఏమీ చెప్పక్కర్లేదు. కానీ తాను ముడుచుకుపోతే వెనకవాళ్ళు ఊరుకుంటారా? తనను దాటుకుని రాళ్ళ మీదికి వెళ్ళిపోతారు. కుందేళ్ళు మరీ చిన్నవి. పిడికెడంత ఉంటాయి.

రేల కాలు వెనక్కి తీసుకుంది. తల బలవంతాన పైకెత్తింది. వెనక్కి తిరిగింది.

"నాకు... నాకు నిన్నటి వాగు పాఠం అర్థం కాలేదు" అంది. "ఎర్రనీళ్ళు వస్తే దాటాలో, వెనక్కి పోవాలో నాకు తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి."

అని, నవ్వుల కోసం కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఎవరూ నవ్వలేదు.

కళ్ళు తెరిచి చూస్తే మోదుగు తోక గోక్కుంటున్నాడు. "నాకూ తెలియదే" అన్నాడు మెల్లిగా. "పాఠం జరుగుతుంటే నేను తూనీగను చూస్తున్నాను."

"నాకు నిద్రొచ్చేసింది" అంది దుప్పి పిల్ల.

"మాస్టారి ముళ్ళు చూస్తే మాకు భయమేసింది. ఏం చెప్పారో ఏమీ వినపడలేదు" అన్నారు కవలలు.

"మరి నిన్న అందరూ అర్థమైందండీ అని అరిచారు!" అంది రేల.

"నువ్వే గట్టిగా అరిచావు. నీకు తెలుసులే అని మేం ధీమాగా ఉన్నాం" అన్నాడు మోదుగు.

చూశారా చోద్యం? అయిదుగురిలో ఒక్కరికీ తెలియదు. ఒకరిని చూసి ఒకరు ధైర్యంగా వాగులో దిగబోయారు!

"మాస్టారి దగ్గరికి వెళదాం పదండి. ముందున్నది నేను. నేను వెళితే మీరూ రావాలి" అంది రేల.

అయిదుగురూ గుట్ట ఎక్కారు. ముళ్ళపంది మాస్టారు గుట్ట మీద ఏదో దుంప నములుతున్నారు. రేల వెళ్ళి ఆయన ముందు నిలబడింది. 

"మాస్టారూ, నిన్నటి పాఠం మాకు అర్థం కాలేదండీ."

మాస్టారి ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "అర్థం కాకపోతే నిన్న గొంతు చించుకుని ఎందుకు అరిచారు?"

"అలవాటండీ" అంది రేల.

మాస్టారు ఇంకేదో గట్టిగా అనబోయారు. ఇంతలో రేల, "నీళ్ళు ఎర్రగా వచ్చాయండీ. పుల్లలు కూడా వచ్చాయి. దాటాలో వద్దో తెలియక వచ్చేశాం" అంది.

మాస్టారి చేతిలోంచి దుంప జారిపోయింది. అదే క్షణంలో పైనుంచి ఒక మోత వినిపించింది. బండలు దొర్లుతున్నట్టు పెద్ద మోత. అందరూ కిందికి చూశారు. ఎర్రటి నీళ్ళు మనిషెత్తున విరుచుకుపడ్డాయి. రాళ్ళు మునిగిపోయాయి. ఇందాక తాము నిలబడిన ఒడ్డు కూడా మునిగిపోయింది. ఒక పెద్ద మాను వేళ్ళతో సహా గిరగిరా తిరుగుతూ కొట్టుకుపోయింది.

కుందేలు కవలలు బావురుమన్నారు. రేల వాళ్ళను దగ్గరికి లాక్కుంది. మోదుగు మెల్లిగా జరిగి రేల పక్కన కూర్చున్నాడు.

"వెనక్కి పరుగెత్తాలి" అన్నారు మాస్టారు.  "ఎత్తు మీదికి పరుగెత్తాలి. దాటకూడదు. ఆ ముక్క మీకు ఎక్కిందో లేదో నేను చూసుకోవాలి. నలభై మంది అరిస్తే నమ్మేసి వెళ్ళిపోయాను. నాకు బుద్ధి లేదు."

ఆయన ముళ్ళన్నీ వాల్చుకుని, పిల్లల మధ్యన కూర్చుని, పాఠం మొదటినుంచీ చెప్పారు. ఈసారి మోదుగు మూడు సార్లు అడ్డం వచ్చి అడిగాడు. కవలలు రెండు సార్లు అడిగారు. మాస్టారు విసుక్కోలేదు. మర్నాటి నుంచి ఆయన బడిలో 'అర్థమైందా?' అని అడగడమే మానేశారు. 'ఎవరికి ఎక్కడ అర్థం కాలేదు?' అని అడిగేవారు. మొదటి రోజు ఒక్క చెయ్యి లేచింది. వారం తిరిగేసరికి ముప్ఫై లేచాయి!

ఆ రోజుకే వద్దాం. వాగుకు ఇంటివైపున అమ్మ అలుగు ఒడ్డు వెంబడి అటూ ఇటూ పిచ్చిదానిలా పరుగెడుతోంది. "రేలా! రేలా!" అని అరుస్తోంది. నీళ్ళ హోరులో ఆ అరుపు సగమే వినిపిస్తోంది.

"ఇక్కడున్నానమ్మా! అందరం ఇక్కడే ఉన్నాం!" అని రేల గుట్ట మీంచి కేక పెట్టింది.

అమ్మ ఆ గొంతు విని ఉన్నచోటే కూలబడిపోయింది.

పొద్దు వాలేలోపు వాగు తగ్గింది. వచ్చినంత తొందరగానే పోతాయి ఆ కొండనీళ్ళు. మాస్టారే ముందు నడిచి, పిల్లల్ని ఒక్కొక్కరినీ దాటించారు. ఒడ్డెక్కగానే అమ్మ రేలను తనివితీరా నాకింది.  తరవాత, "పెద్దబడి ఎలా ఉందమ్మా?" అని అడిగింది. ఈసారి కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"బాగాలేదమ్మా" అంది రేల. అనగానే ఏడుపు ముంచుకొచ్చింది. "ఎటు వెళ్ళాలో తెలియదు. లెక్కల మాస్టారు మరీ గబగబా చెబుతారు. తినేటప్పుడు నా పక్కన ఎవరూ కూర్చోరు. నాకు చిన్నబడికి వెళ్ళిపోవాలనుంది."

అమ్మ తిట్టలేదు. అన్నీ సర్దుకుంటాయిలే అని తేలిగ్గా కొట్టిపారెయ్యనూ లేదు.

"రెండు రోజులు నువ్వు బాగుందంటే నమ్మేశాను చూడు. పొట్లం విప్పకుండా తెచ్చినా నమ్మాను. ఆ మాస్టారి కన్నా నేనేం తక్కువ తిన్నాను?" అని రేలను దగ్గరికి తీసుకుంది. "ఎక్కు, తోక మీద కూర్చో. ఇంటికి వెళ్ళేదాకా ఒక్కొక్కటీ చెప్పు. నేను వింటాను."

"ఆరో తరగతి పిల్లలు అమ్మ తోక ఎక్కుతారా?" అంది రేల ముక్కు తుడుచుకుంటూ.

"ఇవాళ్టికి ఎక్కుతారు" అంది అమ్మ.

రేల ఎక్కి కూర్చుంది. మొదటి రోజు నుంచి మొదలుపెట్టి, దారి పొడుగునా చెబుతూనే ఉంది.

నీతి: తెలియనిది తెలియదని చెప్పడానికి సిగ్గుపడకూడదు. నలుగురితో పాటు తల ఊపితే నలుగురికీ ముప్పే. ఒక్కరు నోరు విప్పి అడిగితే అందరికీ మేలు.