చిలుకకు పొలమారింది

అనగనగా కుందనగిరి అనే రాజ్యానికి ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బలశాలి, రెండోవాడు తెలివైనవాడు. మూడోవాడు ఉదయసేనుడు ఏ పనికైనా పదిసార్లు తికమకపడేవాడు. నాకు వాడంటేనే ఇష్టం.

ఆ రోజుల్లోనే గంధర్వలోకంలో మంజులేఖ అనే రాకుమారి, ఒక ముని జపం చేసుకుంటుంటే పక్కనే కూర్చుని ఆయన మాటల్నే వల్లించి వెక్కిరించింది. మునికి ఒళ్ళు మండింది. చిలుకవై పొమ్మన్నాడు, నువ్వెవరో నీకే తెలియకుండా పోతుందన్నాడు. తల్లి ఆయన కాళ్ళమీద పడి ఏడిస్తే, తానెవరో తెలిసిన నాడు శాపం తీరుతుందన్నాడు. తెలియకుండా చేసిందీ ఆయనే, తెలిస్తే తీరుతుందన్నదీ ఆయనే. మునులతో ఏం వాదిస్తాం?

ఏడు సముద్రాల అవతల ధూమకేశుడనే మాంత్రికుడున్నాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. వాడు మంజులేఖను పట్టి, తన ప్రాణమున్న చిలుకనూ, ఒక ఉత్త చిలుకనూ తోడు చేర్చి మూడింటినీ ఒకే పంజరంలో పెట్టాడు. ఇక ఎవడికైనా మెడ నులిమే ధైర్యం ఉంటుందా? తప్పు చిలుకైతే పోయేది రాకుమారే.

కూతుర్ని విడిపించినవాడికే ఇచ్చి పెళ్ళి చేస్తానని తల్లి మూడు లోకాలలోనూ చాటించింది. పెద్దవాడు వెళ్ళాడు. ఏ చిలుకో తేల్చుకోలేక నిలబడ్డాడు, మాంత్రికుడొచ్చి రాయిని చేశాడు. రెండోవాడూ వెళ్ళాడు, వాడూ రాయయ్యాడు. ఇంటిదగ్గర రాణి ఆ ఇద్దరి విస్తళ్ళూ వేసి, ముద్ద మింగలేక ఏడ్చేది.

మూడోవాడు బయలుదేరాడు. ఒడ్డున వెల్లకిలా పడి కొట్టుకుంటున్న ముసలి తాబేలును తిప్పి నిలబెట్టాడు. ఆ మంచికి అది వాణ్ణి వీపున ఎక్కించుకుని, దారిపొడవునా ఈ సంగతులన్నీ చెప్పి, ఏడు సముద్రాలూ దాటించింది.

మాంత్రికుడు కింద భోజనానికి కూర్చున్న వేళ ఉదయసేనుడు మేడ ఎక్కాడు. మూడు చిలుకలూ ఒకే పచ్చ, ఒకే ఎర్ర ముక్కు.

"మీలో రాకుమారి ఎవరు?" అన్నాడు.

"రాకుమారి ఎవరు?" అన్నాయి మూడూ.

చిలుకలు కదా మరి. వాడికి తల తిరిగిపోయింది. ఏం చెయ్యాలో తోచక, తినడానికి తెచ్చుకున్న జామపండు మూడు ముక్కలు చేసి లోపల పెట్టాడు. ఒకటి తిని ఊరుకుంది. మిగతా రెంటికీ ఒకేసారి పొలమారింది.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. ఇంట్లో అలవాటు చొప్పున వాడు వేలు చాపి, దగ్గరున్న చిలుక నడినెత్తిన మెల్లగా తట్టాడు.

"మీ అమ్మ తలుచుకుంటోందమ్మా" అన్నాడు.

చిలుకకు దగ్గు ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు అమ్మ ఉంది. నేను మంజులేఖను" అంది.

పంజరం పగిలి, రాకుమారి ఎదురుగా నిలబడింది. రెండో చిలుక ఇంకా ఉక్కిరిబిక్కిరవుతూనే ఉంది. కింద మాంత్రికుడు నీళ్ళు, నీళ్ళు అని దగ్గుతున్నాడు. వాడి ప్రాణం ఎక్కడుందో తెలిసిపోయింది. కానీ మంజులేఖకు జాలేసింది, దీన్ని తలుచుకునేదెవరో చెప్పమంది, చెబితే తగ్గుతుందేమోనని. అంత పాపిష్టివాణ్ణి ఎవరు తలుచుకుంటారు? ఉదయసేనుడు తికమకపడ్డాడు. అంతలో, ఇంట్లో అన్నల విస్తళ్ళు వేసి ఏడుస్తున్న తల్లి గుర్తొచ్చింది.

చిలుక తల నిమిరి, "నిన్ను తలుచుకుంటున్నది మా అమ్మ" అన్నాడు.

చిలుక తల వాల్చేసింది. కింద మాంత్రికుడు విస్తరి మీదే ఒరిగిపోయాడు. రాళ్ళన్నీ మనుషులయ్యాయి. అన్నలిద్దరూ కళ్ళు నులుముకుని, ఎక్కడున్నామని తమ్ముణ్ణి అడిగారు.

పెళ్ళికి గంధర్వ రాణి దిగివచ్చింది. వియ్యపురాలి చేతులు పట్టుకుని, మీ తలపే నా బిడ్డను కాపాడిందని కన్నీళ్ళు పెట్టుకుంది.

"నేనేం మంచిగా తలుచుకోలేదు వదినా, కడుపుమండి తిట్టుకున్నాను" అంది రాణి.

"నేనూ అంతే, ఆ మునిని" అంది గంధర్వ రాణి మెల్లగా.

ఉదయసేనుడూ మంజులేఖా పిల్లాపాపలతో నూరేళ్ళు చల్లగా ఏలారు. ఆ మునికి మాత్రం నేటికీ పొలమారుతూనే ఉందట.