పన్నీటి మందూ, పచ్చికబయలు పండితుడూ

రత్నాలూ ముత్యాలూ లేకపోయినా పచ్చిక మాత్రం దండిగా పెరిగే ఒకానొక రాజ్యంలో రణభేరుండ మహారాజు ఉండేవాడు. ఆయన ఒక్క యుద్ధమూ చేసి ఎరగడు. అయినా బిరుదులకు లోటు లేదు. అన్నీ తనకు తానే ఇచ్చుకున్నవి. ఆ ఏడు కొత్తగా ‘వైద్యసార్వభౌమ’ అన్న బిరుదు మీద మనసు పడ్డాడు.

దానికి కారణం ఆయన కుడికాలి బొటనవేలు. అది వాచి, ఎర్రబడి, పట్టుబట్ట తగిలినా ప్రాణం లాగేస్తుండేది. ఆస్థానవైద్యుడు భానుశర్మ ఒక తాటాకు గ్రంథం విప్పాడు. బయళ్లలో ఎర్రగా, పచ్చగా మంటల్లాంటి పువ్వులు పూసే అడవినాభి దుంప కీళ్లవాపుకు పనిచేస్తుందని అందులో ఉంది.

“కాని ప్రభూ, అది విషం,” అన్నాడు శర్మ. “రోజుల తరబడి గోమూత్రంలో నానబెట్టి శుద్ధి చేయాలి. అప్పటికీ మోతాదు తప్పితే మనిషి దక్కడు. నేనైతే ఆ జోలికి పోను.”

“గోమూత్రమా? రాజు చేతి మందు పశువుల కొట్టం కంపు కొట్టాలా?” అని రాజు ముక్కు మూసుకున్నాడు. శుద్ధి సంగతి రాసిన ఆకును తాడులోంచి లాగించి అవతల పారేయించాడు. గోమూత్రానికి బదులు దుంపల మీద పన్నీరు పోయించాడు. పన్నీరు పోస్తే విషం విరిగిపోతుందని ఏ శాస్త్రంలో ఉందో ఆయనకే తెలియాలి. శర్మ మళ్లీ ఏదో అనబోతే, “నా మందును శంకించినవాడికి దేశబహిష్కారం!” అన్నాడు. ఇంటినిండా పిల్లలున్న శర్మ నోరు కట్టేసుకున్నాడు.

ఇక మందు తినేవాడు కావాలి. రాజుకు తన వేలి మీద ఉన్నంత ప్రేమ తన మందు మీద లేదు. ఏనుగుల మావటి పోతులయ్యకు మోకాళ్లు వాచాయని విని, “రేపు నిండు సభలో వాడికి మొదటి మోతాదు. వాడు గంతులేస్తూ వెళ్లగానే నాకు బిరుదు,” అని చాటింపు వేయించాడు.

ఆ సాయంత్రం పోతులయ్య కర్ర పట్టుకుని విదూషకుడు కూర్మయ్య ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

“మా అన్న మేకల్ని మేపుతాడు బాబయ్యా. ఆ మొక్క సంగతి మాకు తెలీదా? చుట్టూ గడ్డంతా మేసినా మేక దాని మీద మూతి పెట్టదు. తింటే సత్తాను. తిననంటే ఊళ్లోంచి ఎల్లగొడతారు. ఈ కాళ్లతో ఎక్కడికి పోను?”

కూర్మయ్య ఇరవై ఏళ్లుగా రాజును నవ్వించి బతుకుతున్నాడు. నోరు విప్పితే తన కొలువు పోతుంది, విప్పకపోతే ఈ మనిషి పోతాడు. కాసేపు తల గోక్కున్నాడు.

“మేక మూతి పెట్టదన్నావు కదూ? సరే, నువ్వెళ్లి కడుపునిండా అన్నం తిను. రేపు మీ అన్న మందలోంచి గడ్డమున్న పోతుమేకను ఒకదాన్ని నాకు ఇప్పించు, చాలు.”

మర్నాడు సభ కిటకిటలాడింది. బంగారు గిన్నెలో మందు పెట్టారు. పక్కనే పళ్లెంలో, ‘వైద్యసార్వభౌమ’తో కలిపి రాజుగారి ముప్పైరెండు బిరుదులూ రాసిన లేత తాటాకు ఉంది. పోతులయ్య కర్ర ఊతంగా నిలబడ్డాడు.

కూర్మయ్య లేచాడు. “మహాప్రభూ, ఇంతటి మందును ఒక మావటి మెచ్చుకుంటే మనకేం గౌరవం? తెలిసినవాడు మెచ్చాలి. మన బయళ్లలోని ప్రతి మొక్కనూ స్వయంగా రుచి చూసిన పండితుడొకడున్నాడు. పుట్టిన నాటి నుంచీ ఆయనకు అదే పని. ముఖస్తుతి బొత్తిగా రాదు.”

రాజు ఉబ్బిపోయాడు. “అలాంటివాడే కావాలి! శాలువా కప్పి తీసుకురండి. ఆయన తీర్పే నా తీర్పు.”

శాలువా కప్పుకుని, గడ్డం ఊపుకుంటూ మేక వచ్చింది. సభలో వాళ్లు ఉత్తరీయాలు నోట్లో కుక్కుకున్నారు.

“ఏమిటీ పరాచికం?” అని రాజు గర్జించాడు.

“తీర్పుకు కట్టుబడతామని తమరే సెలవిచ్చారు ప్రభూ. ఇంతమందీ విన్నారు.”

మేక గిన్నె దగ్గరకు వెళ్లి వాసన చూసింది. గట్టిగా తుమ్మి, రెండడుగులు వెనక్కి వేసింది.

“దానికి ఆకలి లేదు!” అన్నాడు రాజు.

ఆ మాట పూర్తికాకముందే మేక పళ్లెంలోని తాటాకును అందుకుంది. భటులు పరుగెత్తేసరికి బిరుదులు సగానికి పైగా లోపలికి పోయాయి.

కూర్మయ్య చేతులు కట్టుకున్నాడు. “ఆకలి ఉంది ప్రభూ. తమ ముప్పైరెండు బిరుదులైనా అరిగించుకుంటానంటోంది. తమ మందు మాత్రం తన వల్ల కాదంటోంది.”

రాజు కోపంతో లేవబోయాడు. బొటనవేలు పాదపీఠానికి తగిలి, కుయ్యోమంటూ కూలబడ్డాడు. “నిన్ను... నిన్ను ఈ క్షణమే దేశంలోంచి...”

“వెళతాను ప్రభూ. మందును శంకించింది మేకే అయినా దాని బదులు నేను వెళతాను. అయితే మొదటి మోతాదు తమరు పుచ్చుకోగా చూసి వెళతాను. నొప్పి తమకూ ఉంది, మందు తమదే. మావటి ఎంగిలి తమరు తినడమేం మర్యాద?” అంటూ కూర్మయ్య గిన్నె అందించాడు.

రాజు గిన్నె వంక చూశాడు. చెయ్యి రాలేదు. అప్పుడు, మొదటిసారిగా, పోతులయ్య వాచిన మోకాళ్లను చూశాడు.

“నేను ముట్టలేనిది వీడికి పెట్టబోయానా?” అన్నాడు చిన్నగా. సిగ్గుతో తల దించుకున్నాడు.

మేక మూతి మీద చివరి బిరుదు ముక్క వేలాడుతోంది. దాన్ని కూడా నింపాదిగా లోపలికి లాక్కుంది. అది చూసి రాజుకు నవ్వాగలేదు. నవ్వితే వేలు సలుపుతోంది, సలిపితే మూలుగుతున్నాడు, మూలుగుతూనే నవ్వుతున్నాడు.

మందును లోతుగా గొయ్యి తీసి పూడ్పించారు. భానుశర్మ రాజు వేలికీ మావటి మోకాళ్లకూ ఒకే ఆముదపాకు కట్టు కట్టాడు. కూర్మయ్య చేతికి రాజు తన బంగారు కడియం తొడిగి, “మరి ఆ వైద్యసార్వభౌమ బిరుదు ఎవరికిద్దామయ్యా?” అని అడిగాడు.

“ఇంకా ఎవరికిస్తారు ప్రభూ?” అన్నాడు కూర్మయ్య, నెమరు వేస్తున్న మేకను నిమురుతూ. “అది చేరవలసిన కడుపులోకి చేరిపోయింది.”