నియంత చేతికి పగ్గాలు

ఆ ఏటి ఎండలకు అడవిలో వాగులన్నీ ఇంకిపోయి ఒక్క మడుగు మిగిలింది. దాహంతో అందరూ ఒక్కసారే ఎగబడేసరికి కూనలు కాళ్ళ కింద నలిగిపోయాయి. ఎవరో ఒకరు అదుపు చెయ్యకపోతే లాభం లేదని జంతువులన్నీ కూడబలుక్కుని, వానలు పడేదాకా ఆ పెత్తనం చిరుతపులికి అప్పగించాయి. అతన్ని ఏమని పిలవాలో ముసలి ఎద్దు మైలన్న చెప్పాడు. ఊళ్ళో ఉన్నప్పుడు పురాణం చెప్పే శాస్త్రిగారి బండి లాగేవాడు మైలన్న. రథం తోలేవాణ్ణి ఆయన నియంత అనేవాడట. పగ్గాలు పట్టి, దారి తప్పకుండా నడిపేవాడని అర్థం. మాట బాగుందని అందరూ తలలూపారు.

వానలు పడ్డాయి. వాగులు పొంగాయి. చిరుత మాత్రం గద్దె దిగలేదు. వాగులో నీళ్ళు తాగాలన్నా తన సెలవు కావాలన్నాడు. ఎందుకని అడిగిన దుప్పిని అక్కడికక్కడే చంపి తిన్నాడు. కంచే చేను మేస్తుంటే ఇక చెప్పుకునేదెవరికి? తల్లులు "అదిగో నియంత" అని పిల్లల్ని బెదిరించి పడుకోబెట్టసాగారు. అది చెవిన పడ్డప్పుడల్లా మైలన్న మేత వదిలేసి లేచిపోయేవాడు. తను తెచ్చిన మంచి మాటే అడవికి బూచి అయి కూర్చుంది.

చివరికి అడవిదున్నలతో, కోతితో మంతనాలాడి చిరుత దగ్గరికి వెళ్ళాడు.

"దొరా, పగ్గాలు లేని నియంత ఏం నియంత అని పొరుగు అడవి నక్కలు నవ్వుతున్నాయి."

చిరుత మీసాలు నిక్కాయి. "అయితే పగ్గాలు తెప్పించు."

దున్నలు వచ్చి అణకువగా మెడలు వంచాయి. కోతి వాటికి గట్టి అడవితీగ కట్టి, రెండో కొస చిరుత ముందుంచింది. పంజాకు పట్టు చిక్కలేదు.

"నడుముకు చుట్టుకోండి దొరా," అన్నాడు మైలన్న. "పగ్గం జారితే పరువు జారుతుంది."

చిరుత దర్జాగా నిలబడి చుట్టించుకున్నాడు. కోతి ముడి మీద ముడి వేసింది.

మైలన్న ఒక్క రంకె వేశాడు. దున్నలు పరుగు లంకించుకున్నాయి. ముళ్ళపొదలమీదుగా, రాళ్ళగుట్టలమీదుగా చిరుతను ఈడ్చుకుంటూ పోయి పొంగే వాగులో దూకాయి. నడి వాగులో తీగ తెగింది. చిరుత ఏ గట్టున తేలాడో గానీ, మళ్ళీ ఈ అడవిలో అడుగు పెట్టలేదు.

ఆ సాయంత్రం అందరూ ఎవరినీ అడగకుండా కడుపునిండా నీళ్ళు తాగారు. ఇకమీదట నియంత అనే ఆ పాడు మాటే ఎత్తొద్దంది కోతి. మైలన్న ఒప్పుకోలేదు.

"ఉండనీ. దానికిప్పుడు రెండు అర్థాలు. పిల్లలకు రెండూ చెప్పండి."

నీతి: పగ్గం పట్టినవాడి బలమంతా, దాన్ని మెడకు వేసుకున్నవాళ్ళదే.