ఆవులింతను బిగబట్టిన సుంకి

అనగనగనగా, చుట్టూ జొన్నచేలే ఉన్న ఒక ఊళ్ళో సుంకి అనే పిల్ల ఉండేది. ఆ ఏడు వాళ్ళ నాన్న బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పుడే కంకులు పాలు పట్టాయి. చిలకలు గుంపులుగా దిగుతున్నాయి. ఆ చేను పోతే ఏడాదంతా ఇంట్లో రొట్టె ఉండదు.

"నాన్నా, నేను మంచె ఎక్కుతా. పంటను పోనివ్వను," అంది సుంకి.

పొద్దుటంతా వడిసెల తిప్పింది, కేకలేసింది. ఎండ నెత్తికెక్కేసరికి ఆవులింత వచ్చింది. 'అమ్మో, ఎవరన్నా చూస్తే సోమరిపోతు అంటారు' అనుకుని పెదాలు బిగించేసింది. అప్పుడు కళ్ళు మసకబారాయి. చిలకలు దిగి ఒక సాలు తినిపోయాయి.

ఆ తర్వాత ఇంకో ఆవులింత వచ్చింది. ఈసారి ఓణీ చెంగు నోట్లో కుక్కుకుంది. దవడ నొప్పి పుట్టింది, తల దిమ్మెక్కి ఒరిగిపోయింది. లేచి చూస్తే ఇంకో రెండు సాళ్ళు ఖాళీ! ఏడుపొచ్చింది, కానీ మంచె మాత్రం దిగలేదు.

పక్కచేను మంచె మీద హనుమక్క అవ్వ ఇదంతా చూస్తూనే ఉంది. "ఆవులింతతో కుస్తీ ఏందే పిల్లా! అది సోమరితనం కాదు. ఒళ్ళు సోలిపోతా ఉంటే, లెయ్ లెయ్ అని లోపల్నుంచి తట్టి లేపుతాది. రానీ!" అంది.

మూడోది రానే వచ్చింది. సుంకి నిలబడి, చేతులు పైకి చాపి, నోరు ఇంతలా తెరిచింది. ఆఁ...! దవడ సాగింది, గుండెల నిండా గాలి నిండింది. చెవుల్లో టప్పుమంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగి మసక పోయింది.

ఆమెను చూసి అవ్వ ఆవులించింది. అవ్వను చూసి, అవతలి మంచె మీద కునికిపాట్లు పడుతున్న ఈరన్న మామ ఆవులించాడు. ఒకరిది ఒకరికి అంటుకుని మంచెలన్నీ మేలుకున్నాయి.

అప్పుడే దూరంగా రెక్కల చప్పుడు. ఆకాశం పచ్చబడేంత గుంపు!

"హోయ్!" అని సుంకి అరిచింది. "హోయ్! హోయ్!" అని చేలన్నీ అరిచాయి. వడిసెల రాళ్ళు రివ్వుమన్నాయి. గుంపు గిర్రున తిరిగి కొండ దాటిపోయింది.

కోత రోజున నాన్న కర్ర పట్టుకుని వచ్చాడు. మూడు సాళ్ళు తప్ప చేనంతా నిలిచే ఉంది. సుంకి తల మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

జొన్నలు చేరె ఇంటికి,
ఆవులింత నీ నోటికి,
కథ నడిచె కంచికి,
కునుకు వచ్చె కంటికి.