బయట పెట్టిన గడియ

తొంభై మూడో సంవత్సరం, ఎండాకాలం. మా ఊరి గ్రంథాలయం వసారాలో వరహాలమ్మ గవరయ్య మేస్టారిని అడిగింది: "పిల్లల కథలో రాక్షసుడు ఉండాలా మేస్టారూ?"

వరహాలమ్మ బాలవాడి పంతులమ్మ. కథ చెప్పడంలో మేస్టారికి శిష్యురాలు. పాత కథలను చిన్నపిల్లల కోసం తిరగరాసి పుస్తకం వెయ్యాలని ఆమె కోరిక. కూతురు బంగారికి ఆరేళ్లు. రాక్షసుడి కథ విన్నప్పటి నుంచి ఆ పిల్ల పట్టపగలు కూడా పెరట్లోకి ఒంటరిగా వెళ్లడం మానేసింది. అందుకని వరహాలమ్మ పుస్తకమంతటా రాక్షసులను తీసేసింది. రాకుమారిని రాక్షసుడు మేడలో బంధించే కథలో అయితే వాడి బదులు పప్పన్నం పెట్టే మంచి మామయ్యను కూర్చోబెట్టింది.

మేస్టారు ఉండాలనలేదు, వద్దనలేదు. "పిల్లల్ని పిలిచి చదువమ్మా" అన్నారు. ఈ సంగతి మరోలా చెప్పేవాళ్లున్నారు. ఆ పూట నేను వసారాలోనే ఉన్నాను. ఆయన రాత్రిబడిలో నేర్పిన అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. ఎవరు చెప్పినా ఒక్క ముక్క మార్చను.

బంగారితో కలిపి పదిమంది పిల్లలు చేరారు. మా వైపు కథ వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగితే చెప్పేవాళ్లు కథ ఆపెయ్యాలి. అది కట్టుబాటు. వరహాలమ్మ చదవడం మొదలుపెట్టింది.

మామయ్య రాకుమారిని మేడగదిలో ఉంచాడు. ఊ. వేళకు పప్పన్నం పెట్టాడు. ఊ. తలుపు వేసి బయట గడియ పెట్టాడు.

ఊ రాలేదు.

"ఏమర్రా, నిద్రొచ్చిందా?" అన్నారు మేస్టారు.

"మామయ్య మంచోడు కదా, మరి గడియెందుకు పెట్టాడు?" అంది ఒక పిల్ల.

వరహాలమ్మ కాగితాలు తిరగేసింది. రాక్షసుణ్ణి తీసింది గానీ గడియ తియ్యడం మరిచిపోయింది.

"పెట్టింది మామయ్య కాదులే, రాక్షసుడు. వాడికి మూడు కొమ్ములు" అన్నాడు ఒక పిల్లాడు.

"మూడు కాదెహె, ఏడు."

"మరి మామయ్యో?"

"వాణ్ణి ముందే మింగేశాడు. పప్పన్నంతో సహా."

బంగారి స్తంభాన్ని గట్టిగా వాటేసుకుంది. వరహాలమ్మ కూతుర్ని తీసుకుపోదామని లేచింది. మేస్టారు చెయ్యి అడ్డుపెట్టారు.

"ఏడు కొమ్ములా?" అంది బంగారి, స్తంభం వదలకుండానే. "అయితే లోపలికి రావాలని వాడే గడియ తీస్తాడు. కొమ్ములు గుమ్మంలో ఇరుక్కుంటాయి. రాకుమారి వాడి కాళ్ల సందులోంచి బయటికొచ్చేస్తుంది."

"ఊ" అన్నారు అందరూ ఒక్కసారే.

బంగారి స్తంభం వదిలింది. దాహమేస్తోందని చెప్పి, గ్రంథాలయం పెరట్లో ఉన్న కుండ దగ్గరికి ఒక్కతే వెళ్లి నీళ్లు తాగి వచ్చింది. వరహాలమ్మ నిలబడే చూసింది.

"మామయ్య చేత ఇంకో కథలో పప్పన్నం పెట్టించమ్మా" అన్నారు మేస్టారు. "ఈ గడియ తియ్యడం ఆయన వల్ల కాదు."

వరహాలమ్మ పుస్తకమంతా మొదటి నుంచి మళ్లీ రాసింది. వేసవి సెలవులన్నీ దానికే సరిపోయాయి. ఆ ఏడు పుట్టింటికి వెళ్లలేదు.